అరిసె ఎవరిది, నక్షత్రం ఎవరిది?

డిసెంబరు సగం గడిచిందంటే కృష్ణకు దక్షిణాన వున్న పల్లెల్లో తడిబియ్యం గిన్నెలు పిండిమరల ముందు బారులు తీరుతాయి. వరి కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, కొత్త బియ్యం ఇళ్లకు చేరే రోజులవి. కొత్త బెల్లం కూడా అప్పుడే అంగళ్లకు దిగుతుంది. క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్‌కు అరిసెలు వండుతారు. మూడు వారాలు తిరిగేసరికి హిందువుల ఇళ్లలో సంక్రాంతికి అవే అరిసెలు వండుతారు. పిండి ఒకటే, పాకం ఒకటే. నూనె వత్తే చెక్కలు సైతం చాలాచోట్ల ఒకరి ఇంటి నుంచి మరొకరు ఎరువు తెచ్చుకున్నవే.

అరిసెలు వండడం ఒంటిచేతి పని కాదు. పాకం కాస్త ముదిరితే అరిసె రాయి అవుతుంది. లేతగా దించితే నూనెలో విచ్చిపోతుంది. పాకం చూడడం తెలిసిన పెద్దామె ఒకరు, పిండి కలిపే బలమైన చేయి ఒకటి, ఆకు మీద తట్టేవారు, కాల్చేవారు, వత్తేవారు - నలుగురైదుగురు ఆడవాళ్లు కూడాలి. అలా కూడినవారిలో ఎవరు ఏ మతమని అడిగే అలవాటు పొయ్యి దగ్గర లేదు.

కాగా, ఈమధ్య కొన్నేళ్లుగా ఈ పొయ్యిల చుట్టూనే ఒక వాదం రగులుతున్నది. క్రిస్మస్‌కు వాకిట్లో వేసే ముగ్గు అన్యాచారమనీ, ఇంటి మీద కట్టే నక్షత్రమూ, సరుగుడు కొమ్మతో నిలబెట్టే చెట్టూ అన్యుల దగ్గర అరువు తెచ్చుకున్నవేననీ, అసలు డిసెంబరు 25 అన్న తేదీయే రోము నగరంలో సూర్యుణ్ణి కొలిచినవారి పండుగ అనీ కొందరు బోధకులు కూటాల్లో చెబుతున్నారు. సెల్‌ఫోన్లలో వచ్చే ప్రసంగాలు ఆ మాటను ఇంటింటికీ మోస్తున్నాయి. అవతలి పక్షాన, క్రైస్తవుల పండుగలన్నీ ఇతరుల దగ్గర ఎత్తుకొచ్చినవేనని ఎగతాళి చేసేవారూ వున్నారు. చిత్రమేమంటే ఈ ఇద్దరూ చెప్పే కథ ఒకటే.

వినడానికి ఇది పండితుల చర్చలా వున్నా ఇళ్లలో దాని ఫలితం వేరు. కొడుకు ముగ్గు చెరిపేయమంటాడు. పెళ్లై వచ్చిన నాటి నుంచి వేస్తున్న ముగ్గు ఇప్పుడెందుకు చెరపాలని తల్లి అడుగుతుంది. పక్కింటివారు పంపిన సంక్రాంతి పళ్లెం తీసుకోవాలా, గుమ్మంలోనే తిప్పి పంపాలా అన్న మీమాంస వస్తుంది. కోడలి పుట్టింటివారు హిందువులైతే చిక్కు మరీ పెద్దది. పెద్ద పండుగకు కూతురినీ, అల్లుడినీ పిలుచుకోవడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. ఆ పిలుపుకు వెళ్లకపోతే తెగేది ఆచారం కాదు, చుట్టరికం.

తోరణాల తగువు

ఈ తగువుకు సుమారు 1800 ఏళ్ల వయస్సు వుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరంలో టెర్టూలియన్ అనే క్రైస్తవ పండితుడు విగ్రహారాధనను ఖండిస్తూ ఒక గ్రంథం రాశాడు. రోమనుల పండుగ దినాల్లో క్రైస్తవులు కూడా తమ గుమ్మాలకు లారెల్ ఆకులు కడుతున్నారనీ, దీపాలు పెడుతున్నారనీ, సాటర్నేలియా పండుగకు కానుకలు ఇచ్చిపుచ్చుకుంటున్నారనీ ఆయన అందులో మండిపడ్డాడు. దీపాలూ ఆకులూ లేని గుమ్మం కనిపిస్తే అది క్రైస్తవుడిది కాదు, అన్యుడిదే అయివుంటుందన్నంతగా ఎత్తిపొడిచాడు. లారెల్ ఆకు తీసి మామిడాకు పెడితే ఇది ఏ పల్లెటూరి కూటంలోనో నిన్న చేసిన ప్రసంగంలాగే వుంటుంది.

సాటర్నేలియా రోమనుల పొలాల దేవుడైన సాటర్న్ పేరిట జరిగేది. డిసెంబరు 17న మొదలై, కాలక్రమేణా వారం రోజులకు పెరిగింది. బడులకు, కోర్టులకు సెలవు. మైనపు వత్తులు, మట్టిబొమ్మలు కానుకలుగా పంచుకునేవారు. ఆ కొద్ది రోజులు యజమానులే బానిసలకు వడ్డించిన ఇళ్లూ వుండేవి. ఇరుగుపొరుగంతా సంబరంగా వుంటే ఒక్క ఇల్లు చీకటిగా వుండడం అప్పటి క్రైస్తవ కుటుంబాలకు ఎంత కష్టమైందో టెర్టూలియన్ కోపమే చెబుతున్నది.

గమనించవలసిందేమంటే, టెర్టూలియన్ కాలానికి క్రిస్మస్ పండుగే లేదు. సువార్తల్లో యేసు పుట్టిన తేదీ ఎక్కడా లేదు. తొలి క్రైస్తవులకు ఈస్టరే పెద్ద పండుగ. డిసెంబరు 25ను యేసు జన్మదినంగా చూపే మొట్టమొదటి ఆధారం రోము నగరంలో క్రీ.శ. 354లో తయారైన ఒక పంచాంగ గ్రంథం. అందులోని జాబితా 336 నాటిదని పండితులు లెక్క కట్టారు. అదే గ్రంథంలో మరో పుటలో, అదే తేదీ ఎదుట, జయింపరాని సూర్యుని జన్మదినం అని కూడా వున్నది. చక్రవర్తి ఆరేలియన్ 274లో రోములో సూర్యదేవుడికి పెద్ద గుడి కట్టించాడు. ఈ రెండూ కలిపి, సూర్యుడి పండుగనే క్రైస్తవులు క్రీస్తు పండుగగా మార్చారని ఒక వాదం.

రెండో వాదం వేరు. యేసు సిలువ పొందిన రోజు మార్చి 25 అని తొలినాటి క్రైస్తవుల్లో కొందరు లెక్క వేశారు. మహాత్ములు గర్భంలో పడిన తేదీనే మరణిస్తారన్న నమ్మకం ఆనాడు వుండేది. మార్చి 25న మరియమ్మ గర్భం ధరిస్తే తొమ్మిది నెలలకు డిసెంబరు 25. ఈ లెక్క ప్రకారం తేదీ సూర్యుడి గుడి నుంచి రాలేదు, ఈస్టర్ నుంచి వచ్చింది. పండితులు నేటికీ రెండు పక్షాలుగానే వున్నారు. కనుక ఈ తేదీ అన్యులదని తేల్చి చెప్పేవారు, పండితులే తేల్చని దాన్ని తాము తేల్చినట్టు చెబుతున్నారు.

ఇందులో తెలుగు రైతుకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి వుంది. జూలియస్ సీజరు పంచాంగంలో డిసెంబరు 25 అంటే పొద్దు ఉత్తరానికి తిరిగే రోజు. మన మకర సంక్రాంతి కూడా ఉత్తరాయణ పుణ్యకాలమే. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా ఊగుతున్నందున, నక్షత్రాలను బట్టి లెక్కించే సంక్రమణం సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరుగుతూ జనవరి 14, 15 తేదీలకు వచ్చింది. పదిహేడు వందల ఏళ్ల కిందట, అంటే ఆరేలియన్ గుడి కట్టించిన కాలంలో, మకర సంక్రమణం సరిగ్గా పొద్దు తిరిగే రోజునే పడేది. ఇప్పుడు పొద్దు నిజంగా తిరిగేది డిసెంబరు 21న గాని, 22న గాని. ఆ రోజు మాత్రం ఈ పల్లెల్లో ఎవరికీ పండుగ కాదు.

తేదీయే ముఖ్యమనుకుంటే అది అందరికీ ఒకటే అయి వుండాలి. రష్యాలో క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. వారి చర్చి పాత పంచాంగం వదలకపోవడమే కారణం. ఆర్మీనియా క్రైస్తవులు జనవరి 6న చేసుకుంటారు.

గుడి వుంచి, గురి మార్చి

ఇలాంటి చిక్కు ఒక పోప్ దగ్గరకు తీర్పు కోసం వచ్చిన సందర్భం చరిత్రలో నమోదై వున్నది. 6వ శతాబ్ది చివర రోము నుంచి ఇంగ్లండుకు మిషనరీలు వెళ్లారు. అక్కడి ప్రజలు తమ దేవతల గుళ్లలో ఎడ్లను బలి ఇచ్చేవారు. ఆ గుళ్లను ఏం చేయాలి, ఆ విందులను ఏం చేయాలి? పోప్ గ్రెగరీ 601లో మెల్లిటస్ అనే ఫాదరీకి రాసిన జాబులో సలహా ఇచ్చాడు. గుళ్లను పడగొట్టవద్దు, లోపలి విగ్రహాలను మాత్రం తీసివేసి, పవిత్ర జలం చల్లి, దేవుని ఆరాధనకు వాడుకోండి అన్నాడు. ఎడ్ల విందును కూడా ఆపవద్దు అన్నాడు. వేడుక దినాల్లో గుడి చుట్టూ కొమ్మలతో పందిళ్లు వేసుకుని, పశువును దేవతకు బలిగా కాక తిండికే కోసుకుని, అన్నం పెట్టిన దేవునికి వందనం చెప్పి తినమన్నాడు. మొండి మనసుల నుంచి అన్నీ ఒక్కసారిగా కోసివేయడం సాధ్యం కాదని ఆయన అభిప్రాయం. ఈ జాబు పూర్తి పాఠాన్ని బీడ్ అనే సన్యాసి 8వ శతాబ్దిలో తన చరిత్ర గ్రంథంలో భద్రపరిచాడు.

నార్వేలో మరో తమాషా జరిగింది. 10వ శతాబ్దిలో హాకోన్ అనే క్రైస్తవ రాజు, ప్రజలు చలికాలం నడుమ చేసుకునే యూల్ పండుగను క్రిస్మస్ తేదీకి జరిపాడని అక్కడి పాత రాజుల చరిత్ర చెబుతుంది. ప్రతి ఇంటివారూ నిర్ణీత కొలత ధాన్యంతో పానీయం కాయాలనీ, అది వున్నన్నాళ్లూ పండుగ చేయాలనీ శాసించాడట. పేరు నేటికీ మారలేదు. నార్వే వారు క్రిస్మస్‌ను ఇప్పటికీ యూల్ అనే అర్థంలో యూల్ అనే పిలుస్తారు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దారి తొక్కినవారూ వున్నారు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్‌ను రద్దు చేసింది. బైబిలులో లేని పండుగ అనీ, తాగుడుకూ తిండికీ సాకు అనీ ప్యూరిటన్ల వాదన. ఆ ఏడు క్రిస్మస్ రోజున కాంటర్‌బరీ పట్టణంలో అంగళ్లు తెరవాలన్నందుకు జనం తిరగబడ్డారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 వరకు క్రిస్మస్ చేసుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా. స్కాట్లండులో 1958 దాకా క్రిస్మస్‌కు సెలవే లేదు. అంటే నేడు పల్లెల్లో క్రిస్మస్ వద్దంటున్న బోధకులు కొత్త మాటేమీ చెప్పడం లేదు. వారికన్నా ముందు ఆ మాట చట్టమై, అమలై, చివరికి వీగిపోయింది కూడా.

చెట్టు, పాక, నక్షత్రం

క్రిస్మస్ చెట్టు అన్యుల వృక్షపూజ నుంచి వచ్చిందని చాలామంది నమ్మకం. ఆధారాలు మాత్రం అలా చెప్పడం లేదు. ఇంట్లో చెట్టు నిలబెట్టి అలంకరించడం గురించిన రాతలు 16వ శతాబ్ది నుంచి జర్మన్ మాటలాడే ఆల్సేస్ ప్రాంతంలో కనిపిస్తాయి. 1605 నాటి ఒక వర్ణనలో స్ట్రాస్‌బర్గ్ ప్రజలు ఇంటి గదిలో ఫర్ చెట్టు నిలిపి దానికి కాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు, పలుచని రొట్టెలు వేలాడదీసేవారని వుంది. ఐరోపాలో డిసెంబరు 24 ఆదాము, అవ్వల దినం. ఆ రోజు ఏదెను తోట నాటకం ఆడేటప్పుడు ఆపిల్ పండ్లు కట్టిన చెట్టును పెట్టేవారు. క్రిస్మస్ చెట్టు ఆ నాటకపు చెట్టు నుంచి వచ్చివుంటుందని అనేకులు భావిస్తారు. పాత దేవతల కాలం ముగిసి అప్పటికే కొన్ని వందల ఏళ్లయింది. మార్టిన్ లూథర్ స్వయంగా మొదటి చెట్టుకు దీపాలు పెట్టాడన్న కథ కూడా తరువాత పుట్టిందే.

అయితే ఆ చెట్టు పెరిగి పెద్దదైంది లూథరన్ల ఇళ్లలోనే. గుంటూరుకు 1842 జూలై 31న వచ్చిన హైయర్ దొర జర్మనీలో పుట్టి అమెరికా వెళ్లిన లూథరన్ మిషనరీ. ఈ ప్రాంతపు లూథరన్ సంఘాలకు ఆద్యుడు ఆయనే. ఫర్ చెట్టు ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది? సముద్రతీరపు తోటల్లోని సరుగుడు కొమ్మ దాని స్థానంలోకి వచ్చింది. ఆ మాటకొస్తే సరుగుడూ ఈ నేల చెట్టు కాదు. తూర్పు దీవుల నుంచి, ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చి, వంటచెరకు కోసం 19వ శతాబ్దిలో మద్రాసు తీరమంతా వేసిన తోటలవి.

చెట్టును ఖండించేవారు బైబిలులో యిర్మీయా గ్రంథం పదో అధ్యాయం చూపిస్తారు. అడవిలో చెట్టు నరికి, వెండి బంగారాలతో అలంకరించి, కదలకుండా మేకులు కొడతారని అక్కడ వున్న మాట వాస్తవమే. కాని కాస్త కిందికి చదివితే అది కర్రతో చెక్కిన విగ్రహాన్ని గురించి. యిర్మీయా క్రీస్తుకు ఆరు వందల ఏళ్ల ముందటివాడు. స్ట్రాస్‌బర్గ్ చెట్టుకు ఆయనకు మధ్య రెండు వేల ఏళ్లకు పైబడిన దూరం వున్నది.

కేథలిక్ గ్రామాల్లో చెట్టుకన్నా పశువుల పాకకు ప్రాధాన్యం ఎక్కువ. దాని పుట్టుక స్పష్టంగా తెలుసు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసీ ఫ్రాన్సిస్ గడ్డి నింపిన తొట్టి పెట్టించి, నిజమైన ఎద్దునూ గాడిదనూ కట్టించి క్రిస్మస్ పూజ జరిపించాడు. చదువురాని పల్లె ప్రజలకు కళ్లారా చూపాలని ఆయన కోరిక. సువార్త కథలో ఎద్దూ గాడిదా లేవన్న సంగతి చాలామంది గమనించరు. అవి యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలోని ఒక మాట నుంచి వచ్చి పాకలో చేరాయి. తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురని కూడా మత్తయి రాయలేదు. కానుకలు మూడు గనుక మనుషులనూ ముగ్గురిని చేశారు.

నక్షత్రం మాత్రం మత్తయి సువార్త రెండో అధ్యాయంలోనే వుంది. దాన్ని కాగితంతో చేసి లోపల దీపం పెట్టడం 19వ శతాబ్దిలో జర్మనీలోని మొరేవియన్ సంఘం వారి బడిలో పిల్లల చేతిపనిగా మొదలైంది. ఈ పల్లెల్లో వెదురు బద్దలు విరిచి, రంగు కాగితం అంటించి, లోపల లాంతరు వేలాడదీసి, పొడుగాటి గెడకు కట్టి ఎత్తేవారు. కరెంటు వచ్చాక లాంతరు పోయి బల్బు వచ్చింది. ఇప్పుడు దుకాణంలో కొన్న ప్లాస్టిక్ నక్షత్రాలే ఎక్కువ. కుర్రాళ్లు నాలుగు రాత్రులు కూర్చుని బద్దలు చీల్చే సందడి పోవడమే అన్యాచారం కన్నా పెద్ద నష్టమని వాపోయే పెద్దలు లేకపోలేదు.

క్రిస్మస్ తాత సంగతి చెప్పాలంటే, ఆయన మూలపురుషుడు నేటి టర్కీలోని మైరా పట్టణంలో 4వ శతాబ్దిలో బిషప్‌గా వున్న నికొలాస్. డచ్చివారి వెంట అమెరికా చేరి, అక్కడి కవులూ చిత్రకారులూ దిద్దగా బొజ్జ పెంచుకున్నాడు. ఆయనలో ఇప్పుడు మతం కన్నా బేరసారమే ఎక్కువ.

పసుపుతాడు మీద తీర్పు

పై కథలన్నీ పరాయి దేశాలవి. కాని ఇదే ప్రశ్న తెలుగు నేల మీదనే మూడు వందల ఏళ్ల కిందట తలెత్తి, రోము దాకా వెళ్లి, నలభై ఏళ్లు నలిగింది. 18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి జెస్యూట్ ఫాదరీలు పుంగనూరు కేంద్రంగా రాయలసీమలో పని మొదలుపెట్టారు. కాషాయం కట్టి, మాంసం మానేసి, సన్యాసుల వలె బతికారు. దక్షిణాన మదురై మిషను వారు అప్పటికే తొక్కిన బాట అది. చేరినవారి బొట్టు, తాళి, పెళ్లి తంతు వంటివాటిని దేశాచారాలుగా భావించి చాలామటుకు వుండనిచ్చారు.

ఇది తప్పని ఇతర ఫాదరీలు ఫిర్యాదు చేశారు. పోప్ పంపిన ప్రతినిధి డి టూర్నోన్ పాండిచ్చేరి వచ్చి, 1704లో ఒక ఆజ్ఞ జారీచేశాడు. వినాయకుడి ప్రతిమ వున్న తాళిని క్రైస్తవ స్త్రీలు కట్టుకోరాదు. సిలువ గుర్తు వున్నదాన్ని కట్టుకోవచ్చు. నూట ఎనిమిది పోగుల పసుపుతాడు నిషిద్ధం. పెళ్లిలో శకునం కోసం కొబ్బరికాయ కొట్టరాదు. నొసట విభూతి కూడదు. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు చేసే వేడుక చేయరాదు. ఫాదరీలు ఒప్పుకోలేదు. ఉత్తర ప్రత్యుత్తరాలు, అప్పీళ్లు సాగాయి. చివరకు 1744లో పోప్ 14వ బెనెడిక్ట్ తుది ఉత్తర్వుతో వివాదం ముగించాడు. ఆ నిబంధనలకు లోబడతామని మిషనరీలు ప్రమాణం చేయవలసి వచ్చేది. ఆ ప్రమాణాన్ని 1940లో రోము రద్దు చేసింది. 1969లో ఆరతి, చేతులు జోడించి నమస్కరించడం, నేల మీద కూర్చోవడం వంటివి పూజలో చేర్చుకోవచ్చని భారతదేశపు కేథలిక్కులకు అనుమతి ఇచ్చింది.

ఆ రాయలసీమ కేథలిక్ కుటుంబాల్లో కొన్ని తరువాత ఉత్తరానికి వలస వచ్చి ఫిరంగిపురం, రెంటచింతల వంటి గ్రామాల్లో స్థిరపడ్డాయి. నేడు ఈ ప్రాంతంలో చాలామంది క్రైస్తవ వధువుల పుస్తెల మీద సిలువ గుర్తు కనిపిస్తుంది. దాని వెనుక ఇంత కథ వున్నది.

1704 ఆజ్ఞలో మరో నిబంధన వుండేది. అంటరానివారుగా ఎంచబడినవారు జబ్బుపడితే ఫాదరీలు వారి ఇళ్లకే వెళ్లి ధర్మసేవ చేయాలి. పెద్ద కులాల విశ్వాసులు దూరమవుతారన్న భయంతో ఫాదరీలు దీనికి జంకారు. చివరికి ఆ కులాలవారికి వేరే ఫాదరీలను కేటాయించే ఏర్పాటుకు 1744లో పోప్ సమ్మతించాడు. తాడుకు ఎన్ని పోగులుండాలో నిక్కచ్చిగా తేల్చినవారు, మనిషికీ మనిషికీ మధ్య గోడను మాత్రం వుండనిచ్చారు. అన్యాచారం అనే మాటకు తగినది ఏదైనా వుంటే అది ముగ్గులో కన్నా ఇక్కడే ఎక్కువ వుంది. పళ్లెం తిప్పి పంపడం గురించి వాదించేవారు, పాలెం నుంచి వచ్చిన పళ్లేన్ని ఏ ఇళ్లవారు తరతరాలుగా ముట్టలేదో కూడా తలచుకోవలసి వుంటుంది. వారిలో క్రైస్తవులూ వున్నారు.

సమాధుల దగ్గర

ఈస్టర్ ఆదివారం తెల్లవారుజామున అనేక గ్రామాల్లో క్రైస్తవులు తమవారి సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేస్తారు. కేథలిక్కులకు నవంబరు 2 సమాధుల పండుగ. దీన్ని పెద్దలకు పెట్టుకోవడంతో పోల్చి తప్పుపట్టేవారున్నారు. ఈస్టర్ అన్న పేరే ఒక దేవతదని చెప్పేవారూ వున్నారు. ఈయోస్త్రే అనే దేవత గురించి చెప్పింది 725 ప్రాంతంలో పైన పేర్కొన్న బీడ్ ఒక్కడే. ఆ పేరు తగులుకున్నది ఇంగ్లీషుకూ జర్మనుకూ మాత్రమే. గ్రీకు, లాటిన్ భాషల్లో పండుగ పేరు పాస్కా. తెలుగు కేథలిక్కులు కూడా పాస్కా పండుగ అనే అంటారు. అది యూదుల పస్కా నుంచి వచ్చిన మాట.

సమాధుల విషయంలో ఒక తల్లి కథ వున్నది. పండితుడైన అగస్టీన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన తల్లి మోనికా ఆఫ్రికా నుంచి కొడుకు వెంట ఇటలీలోని మిలాను వచ్చింది. స్వదేశంలో అలవాటైన ప్రకారం ఒక బుట్టలో జావ, రొట్టె, ద్రాక్షారసం పెట్టుకుని హతసాక్షుల సమాధుల దగ్గరకు వెళ్లింది. వాకిట్లోనే కాపలావాడు ఆపాడు. అక్కడి బిషప్ ఆంబ్రోజ్ ఆ ఆచారాన్ని నిషేధించాడు. తాగుబోతులకు అది సాకవుతుందనీ, రోమనులు తమ పితరులకు పెట్టే తద్దినాలను పోలివుందనీ ఆయన కారణాలు. మోనికా వాదించలేదు. మరునాటి నుంచి ఆ తిండి పేదలకు పెట్టి, సమాధుల దగ్గరకు ప్రార్థనతో వెళ్లింది. సమాధుల దగ్గరకు వెళ్లడం మాత్రం మానలేదు.

చదువుకోని ఇల్లాళ్లు ఈ పల్లెల్లో చేసింది కూడా ఇంచుమించు ఇదే. క్రైస్తవుల వాకిట్లో ముగ్గు వుంటుంది, గొబ్బెమ్మ వుండదు. గుమ్మానికి మామిడాకు వుంటుంది, కొబ్బరికాయ కొట్టరు. అరిసె వుంటుంది, నైవేద్యం వుండదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో రాగాలూ తాళాలూ ఈ నేలవే, పాట ఎవరి మీద అన్నదే మారింది. పురుషోత్తమ చౌదరి వంటివారు 19వ శతాబ్దిలోనే అలా కట్టారు. ఏది ఇంటిది, ఏది గుడిది అన్న విభజన ఏ పోప్ జాబూ చదవకుండానే ఎవరికి వారు చేసుకున్నారు. ఎక్కడ పుట్టిందన్నది కాక, ఎవరికి అర్పిస్తున్నామన్నదే వారికి కొలత అయింది. విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి కొరింథు సంఘానికి పౌలు రాసిన జాబులోనూ, దినాలను ఎంచడం గురించి రోమా సంఘానికి రాసిన జాబు 14వ అధ్యాయంలోనూ పట్టించుకున్నది ఎదుటివాడి మనస్సాక్షినే. ముగ్గు వేయనివాడిని వేసేవాడు చులకన చేయరాదన్నదీ, వేసేవాడికి వేయనివాడు తీర్పు తీర్చరాదన్నదీ ఆ అధ్యాయం మీద ఆధారపడే మాటాడుకోవచ్చు.

అరిసె పుట్టుక గురించి మాత్రం ఏ గ్రంథమూ తిరగేయనక్కర లేదు. కొత్త బియ్యం, కొత్త బెల్లం, నువ్వులు ఒకేసారి ఇంటికి వచ్చే కాలం అది. చలికాలం ముందు ఐరోపా రైతుకు పశుగ్రాసం కరువై పశువులను కోసేవాడు. కనుక వారి పండుగకు మాంసం. ఇక్కడి రైతుకు ధాన్యం వచ్చేది కనుక పిండివంట. పంట ఏ మతానిదో ఎవరూ అడగలేదు.

అరిసెలకు ఒక సుగుణం వుంది. పాకం కుదిరితే డబ్బాలో నెల రోజులు చెడవు. క్రిస్మస్‌కు వండినవి సంక్రాంతి దాకా వుంటాయి. జనవరి రెండో వారంలో అవతలి వీధిలో పొయ్యిలు వెలుగుతాయి. వత్తే చెక్కలు మళ్లీ ఇల్లు మారతాయి.